జెండాను దించే బాధ్యత ఎవరిది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

స్వాతంత్ర్య దినోత్సవం ముగిసి వారం గడిచాక ఈ లేఖ రాస్తున్నాను. పండుగకు ముందే రాసి ఉంటే, జెండాను ఎలా ఎగురవేయాలో, ఏ రంగు పైకి రావాలో చెప్పే సూచనల మధ్య ఇదీ కలిసిపోయేది. నేను ప్రస్తావించదలచినది ఎగురవేసిన తరువాతి సంగతి. ఎగిరిన జెండాను ఎవరు దించాలి, గాలికి చిరిగితే ఎవరు మార్చాలి, వెలిసిపోయిన దానిని ఏం చేయాలి అన్న విషయాలు మన ఊళ్లలో ఎవరికీ పట్టనివిగా మిగిలిపోయాయి. జాతీయ పతాకానికి ఈనాడు జరుగుతున్న అగౌరవంలో అధిక భాగం దేశమంటే గిట్టనివారు చేస్తున్నది కాదని, ఇష్టంతోనే జెండా కట్టి ఆ తరువాత దాని మొహం చూడని మనబోటివారి వల్లనే జరుగుతున్నదని నా అభిప్రాయం.

నేను కృష్ణా జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఏ బడిలోనైనా జెండా ఎగురవేసేది ప్రధానోపాధ్యాయుడో, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషో అయినా, దానిని ముందురోజు కట్టేది, మరునాడు సాయంత్రం దించేది మా బోటి వాళ్లమే. అందువల్ల జెండా విషయంలో నాకు ఉపన్యాసాల కన్నా తాడు, కప్పీ, ముడి ఎక్కువ తెలుసు. ఆ తెలిసిన మేరకే రాస్తున్నాను.

ఈ వారంలో మా పట్నంలో ఏ వీధిన నడిచినా ఒకటే దృశ్యం. పదమూడో తేదీన మేడల మీద, బాల్కనీ చువ్వలకు, దుకాణాల బోర్డులకు కట్టిన జెండాలు అలాగే ఉన్నాయి. మొన్న కురిసిన వానకు కొన్ని తడిసి కర్రకు చుట్టుకుపోయాయి. కొన్ని కర్రలు వాలిపోయి జెండా పిట్టగోడకు రాసుకుంటున్నది. ఒక అపార్టుమెంటు పైన నీళ్ల ట్యాంకుకు కట్టిన జెండా ఈ ఏటిది కూడా కాదు. దాని కాషాయం వెలిసి తెలుపులో కలిసిపోయింది, అశోక చక్రం ఉన్న చోట నీలపు మరక మాత్రమే మిగిలింది, ఆకుపచ్చ పట్టీ అంచు దారాలుగా విడిపోయి గాలికి ఊగుతున్నది. ఆ భవనంలో ఉంటున్నవారు ఎవరూ దేశద్రోహులు కారు. వారిలో కొందరు నా దగ్గర చదువుకున్న పిల్లలే. ఆ జెండా ఎవరు కట్టారని అడిగితే పాత వాచ్‌మన్ కట్టాడన్నారు. ఆ వాచ్‌మన్ పని మానేసి వెళ్లిపోయాడట, జెండా ఉండిపోయింది.

ఇది ఎందుకు జరుగుతున్నదో అర్థం కావాలంటే మన పతాక నియమాలు నడిచి వచ్చిన దారిని కొంచెం చూడాలి. 2002 జనవరి 26న భారత పతాక నియమావళి అమలులోకి రాకముందు సామాన్య పౌరుడు తన ఇంటి మీద ఏడాది పొడవునా జాతీయ జెండా ఎగురవేసుకోవడానికి అనుమతి లేదు; కొన్ని ప్రత్యేక దినాలకే ఆ వెసులుబాటు ఉండేది. రాయ్‌గఢ్‌లోని తన కర్మాగారంపై జెండా ఎగురవేసుకోవడానికి అధికారులు అభ్యంతరం చెప్పగా నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త న్యాయస్థానానికి వెళ్లారు. 2004 జనవరి 23న సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు ఇస్తూ, గౌరవంగా జెండా ఎగురవేసుకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద పౌరుడికి ఉన్న భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని చెప్పింది. అంతవరకు కలెక్టరు కచేరీకి, బడికి, పోలీసు స్టేషనుకు చెందినదిగా కనిపించిన జెండా అప్పటి నుంచి ఇంటింటిదీ అయింది. ఆ తీర్పును నేను మనస్ఫూర్తిగా హర్షిస్తాను.

అయితే అప్పటికింకా ఒక కట్టుబాటు ఉండేది. వాతావరణం ఎలా ఉన్నా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే జెండా ఎగరాలి. పొద్దున ఎగురవేసినవాడు సాయంత్రం దించి తీరాలి. రోజూ దించే జెండా రోజూ చేతికి వస్తుంది కనుక, దాని అంచు చిరిగిందా, కుట్టు ఊడిందా అన్నది ఆ చేతికే తెలుస్తుంది. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం నియమావళిని సవరించి, ఆరుబయట గాని పౌరుల ఇళ్లపై గాని ఎగిరే జెండా పగలూ రాత్రీ ఉండవచ్చునని అనుమతించింది. ఆ ఏడాది ఇంటింటా త్రివర్ణ పతాకం కార్యక్రమం మొదలైంది. తపాలా కార్యాలయాల్లో ఇరవై అయిదు రూపాయలకు జెండా అమ్మారు. ఎన్నడూ జెండా పట్టని చేతులు కూడా జెండా పట్టాయి, అది చూడముచ్చటగా ఉండింది. కానీ సాయంత్రం దించాలన్న నియమం పోవడంతో, ఎప్పుడో ఒకప్పుడు దించాలన్న స్పృహ కూడా దానితో పాటే పోయింది. పగలూ రాత్రీ ఎగరవచ్చు అన్నది జనం చెవిన పడింది. చిరిగిన, నలిగిన, మాసిన జెండాను ప్రదర్శించరాదు అన్న మాట అదే నియమావళిలో ఉన్నా అది ఎవరూ చెప్పలేదు.

ఇక దించిన తరువాతి మాట. పాడైపోయిన జెండాను సమగ్రంగా, ఎవరి కంటా పడకుండా ఏకాంతంలో, వీలైతే దహనం చేసి లేదా దాని గౌరవానికి భంగం కలగని మరో పద్ధతిలో నిర్మూలించాలని నియమావళి స్పష్టంగా చెబుతున్నది. ఇదే మన జనానికి అన్నింటికన్నా కొరుకుడు పడని విషయం. జాతీయ గౌరవానికి అవమానాల నివారణ చట్టం, 1971 ప్రకారం బహిరంగ ప్రదేశంలో గాని, నలుగురికీ కనబడే చోట గాని జెండాను కాల్చడం, చించడం, తొక్కడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జెండాను కాల్చితే జైలుకు పోతారన్న మాట అందరికీ తెలుసు. పాత జెండాను మర్యాదగా దహనం చేయమని చెప్పేదీ ప్రభుత్వ నియమమేనన్న సంగతి ఎవరికీ తెలియదు. అందుచేత పాతబడిన జెండా చేతికి వచ్చిన గృహిణి దానిని కాల్చడానికి భయపడుతుంది, చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, బీరువాలో పెట్టుకోవడానికి చోటు ఉండదు. చివరికి ఏమీ తోచక ఉన్న చోటనే ఉంచేస్తుంది. నేను అడిగి చూసిన ఇళ్లలో చాలామంది చెప్పిన సమాధానం ఇదే: ఏం చేస్తే తప్పవుతుందోనని ఏమీ చేయలేదు.

ఈ చిక్కును మరింత బిగించినది పాలియెస్టరు. 2021 డిసెంబరు 30న వచ్చిన సవరణ వరకు చేతితో వడికి, చేతితో నేసిన నూలు, ఉన్ని, పట్టు ఖాదీ గుడ్డతోనే జాతీయ జెండా తయారు కావాలి. ఆ సవరణతో యంత్రంపై తయారైన జెండాలకు, పాలియెస్టరు గుడ్డకు అనుమతి వచ్చింది. కోట్ల సంఖ్యలో జెండాలు తక్కువ ధరకు కావాలంటే వేరే మార్గం లేదని సమర్థించేవారు ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ మర్యాదగా దహనం చేయమన్న నియమాన్ని పాలియెస్టరు జెండాకు అన్వయించి చూడండి. నూలు గుడ్డ అంటుకుని బూడిద అవుతుంది. పాలియెస్టరు బూడిద కాదు, కరుగుతూ మండుతుంది. నల్లటి పొగ వదులుతూ ముద్దలు ముద్దలుగా కారి, చల్లారాక గట్టి పెంకులా మిగులుతుంది. భూమిలో పాతిపెడితే ఏళ్లు గడిచినా చివకదు. మర్యాదగా సాగనంపడానికి వీలుకాని గుడ్డతో జెండా కుట్టమని అనుమతి ఇచ్చి, సాగనంపే పద్ధతిని మాత్రం మార్చకుండా వదిలేశారు. ప్లాస్టిక్ జెండాల సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల నిషేధం 2022 జూలై 1న అమలులోకి వచ్చినప్పుడు ఆ జాబితాలో ప్లాస్టిక్ జెండాలు పేరుపెట్టి ఉన్నాయి. అయినా ఆగస్టు రెండో వారంలో ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర అవే అమ్ముతారు, పదహారున మురుగు కాలువలో అవే కనబడతాయి.

ఈ సందర్భంలో మా జిల్లావాడైన పింగళి వెంకయ్య గారిని తలచుకోకుండా ఉండలేను. భట్లపెనుమర్రులో పుట్టి, మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసిన ఆయన 1916లో ముప్పై నమూనాలతో జాతీయ పతాకంపై ఒక పుస్తకం అచ్చు వేయించారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా తయారు చేసి గాంధీజీకి అందించారు. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ రాట్నం ఉండాలన్నారు, గాంధీజీ తెలుపు చేర్చమన్నారు. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చల పతాకాన్ని ఆమోదించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో సారనాథ్ స్తంభం మీది ధర్మచక్రాన్ని ఉంచి దానిని జాతీయ పతాకంగా స్వీకరించింది. ఇదంతా బడిపిల్లలకు కంఠతా వచ్చిన సంగతే. వారికి సాధారణంగా చెప్పనిది ఒకటుంది. వెంకయ్య గారు పత్తి సాగు మీద, ముఖ్యంగా కంబోడియా పత్తి మీద పరిశోధన చేసిన మనిషి. ఈ ప్రాంతంలో ఆయనను పత్తి వెంకయ్య అని పిలిచేవారు. పత్తి వెంకయ్య రూపకల్పన చేసిన జెండా ఇప్పుడు పత్తితో పని లేకుండా తయారవుతున్నది. ఆయన 1963లో పేదరికంలోనే కన్నుమూశారు. తన భౌతికకాయంపై త్రివర్ణ పతాకం కప్పాలని, శ్మశానానికి చేరాక దానిని తీసి అక్కడి రావి చెట్టుకు కట్టాలని ఆయన చివరి కోరికగా చెబుతారు. జెండాను చితిపై కాల్చరాదు, సమాధిలోకి దించరాదు అని నేటి నియమావళి చెబుతున్న మాట ఆ మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలుసునన్నమాట.

ఖాదీ జెండా ఎంత పట్టింపుతో తయారవుతుందో తెలిస్తే ఆ తేడా అర్థమవుతుంది. కర్ణాటకలోని హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం ఉంది. భారత ప్రమాణాల సంస్థ ధ్రువీకరణతో జాతీయ జెండాలు తయారు చేసే కేంద్రంగా అది పేరు పొందింది. ఆ సంస్థ ప్రమాణాల జాబితాలో ఒకటో నంబరు ప్రమాణం జాతీయ పతాకానిదేనన్నది చాలామందికి తెలియని విషయం. గుడ్డ పోగుల లెక్క, రంగు నిలకడ, కుట్టు, చక్రంలోని ఇరవై నాలుగు ఆకుల అమరిక, అన్నింటికీ కొలత ఉంది; కొలత తప్పితే ఆ జెండా బయటకు రాదు. 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 మిల్లీమీటర్ల వెడల్పు గల పెద్ద జెండా మొదలుకొని బల్ల మీద పెట్టుకునే 150కి 100 మిల్లీమీటర్ల చిన్న జెండా వరకు తొమ్మిది పరిమాణాలు నిర్ణయించి ఉన్నాయి. పాలియెస్టరుకు తలుపు తెరిచిన సవరణ మీద ఆ సంఘంవారు బహిరంగంగానే నిరసన తెలిపారు. ఇక మన బజారులో అమ్ముడుపోయే జెండాను ఒకసారి విప్పి చూడండి. పొడవు వెడల్పులు మూడుకు రెండు ఉండవలసింది ఎలాపడితే అలా ఉంటాయి, చక్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది, ఆకులు లెక్కపెడితే ఇరవై నాలుగుకు తక్కువే తేలతాయి.

బడిలో మేము జెండాను ఎలా చూసుకునేవాళ్లమో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇళ్లకు కావలసినదీ అదే. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం బీరువాలో నుంచి జెండా తీసి, వెలుతురులో పట్టి అంచులు చూసేవాళ్లం. కప్పీకి చుక్క నూనె వేసి, తాడు ఒకసారి పైకీ కిందికీ లాగి, ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకునేవాళ్లం. ఈ పని మరచిన చోటనే మరునాడు ముఖ్య అతిథి గారు తాడుతో కుస్తీ పడటం, పిల్లలు నవ్వు ఆపుకోలేకపోవడం జరుగుతుంది. తరువాత జెండా మడతల్లో బంతి, గులాబి రేకులు పెట్టి, ఒక్క లాగుతో విడిపోయే జారుముడి వేయాలి. లోపల పూలరేకులు ఉంచడానికి నియమావళి కూడా అనుమతిస్తుంది. కాషాయం పైకి వచ్చేటట్లు కట్టామా లేదా అన్నది ఇద్దరు చూడాలి, ఒకరు కాదు. పిల్లలు మూడు పక్కల చతురస్రంగా నిలబడితే నాలుగో పక్క మధ్యలో జెండా కర్ర ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు, విద్యార్థి నాయకుడు, ఎగురవేసేవారు కర్రకు మూడు అంగల వెనుక నిలుస్తారు.

సాయంత్రం దించేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు, మిఠాయిలు పంచరు, ఫోటోలు తీయరు. జెండా నేలకు తగలకుండా ఇద్దరు పిల్లలు చేతులు చాచి అందుకుంటారు. దానిని అడ్డంగా పరచి పట్టుకుని, కాషాయపు పట్టీని, ఆకుపచ్చ పట్టీని తెలుపు పట్టీ కిందికి మడుస్తారు. తరువాత తెలుపును రెండు వైపుల నుంచి లోపలికి మడిస్తే చక్రం ఒక్కటే పైకి కనబడుతూ, అంచుల్లో కాషాయం, ఆకుపచ్చ సన్నగా తొంగిచూస్తాయి. అలా మడిచిన దానిని అరచేతులపై పెట్టుకుని బీరువా దాకా తీసుకుపోతారు. రెండు నిమిషాల పని. నా ఉద్యోగకాలంలో ఎగురవేసే అవకాశం కోసం పెద్దలు పోటీపడటం చూశాను గాని, ఈ రెండు నిమిషాల కోసం పోటీపడింది ఎనిమిదో తరగతి పిల్లలే.

ఒకప్పుడు ఈ జెండా పట్టుకోవడం ఎంత ఖరీదైన పనో మా బందరు వారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాడు కోనేరు సెంటరులో జెండా ఎగురవేయడానికి స్తంభమెక్కిన తోట నరసయ్య నాయుడు పోలీసుల లాఠీదెబ్బలకు స్పృహ తప్పేదాకా పట్టు వదలలేదు. తెలంగాణ సోదరుల అనుభవం ఇంకా కఠినమైనది. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా పండుగ చేసుకుంటున్నప్పుడు నిజాం సంస్థానంలో ఆ జెండా ఎగురవేయడమే నేరం. ఆ రోజు హైదరాబాదులో త్రివర్ణ పతాకం ఎగురవేసి స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగురవేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి తరలివచ్చిన జనంపై కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. ఆ చోట నేడు అమరధామం ఉంది. సంస్థానం దేశంలో కలవడానికి వారు మరో ఏడాది, 1948 సెప్టెంబరు దాకా ఆగవలసి వచ్చింది. ఈ చరిత్రను నేను ఎవరినీ సిగ్గుపరచడానికి తీసుకురాలేదు. వారిని ఆనాడు అడ్డుకున్నది తుపాకీ. మనల్ని ఈనాడు అడ్డుకుంటున్నది మేడ మెట్లు ఎక్కే బద్ధకం.

కొందరు మిత్రులు ఈ విషయంలో నాతో ఏకీభవించరు. చట్టాన్ని కఠినంగా అమలు చేసి, నలుగురి మీద కేసులు పెడితే అందరూ దారికి వస్తారని వారి వాదన. నాకు ఆ దారి సరికాదనిపిస్తుంది. కాషాయం కిందికి వచ్చేట్లు కట్టడం నేరమని 2003లో చట్టంలో చేర్చినప్పుడు కూడా ఉద్దేశపూర్వకంగా అన్న మాటను దానికి ముందు ఉంచారు. హడావుడిలో తలకిందులుగా కట్టిన గుమాస్తాను, తెలియక చిన్న జెండాను స్కూటరు ముందు చక్రం దగ్గర గుచ్చిన కుర్రవాడిని పోలీసు స్టేషనుకు ఈడ్చడం వల్ల జెండాకు భయం అంటుతుంది, గౌరవం కాదు. తప్పు కట్టిన వారి వీడియో తీసి ఊరంతా పంచేవారిని చూసినా నాకు అదే బాధ. వీడియో తీసే సమయంలో వెళ్లి సరిచేయవచ్చు కదా. మన న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో ఉద్దేశాన్నే చూస్తూ వచ్చాయి. కేరళలో జాతీయగీతం పాడకుండా, అయినా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసివేసినప్పుడు, నిలబడటమే గౌరవమని చెప్పి 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి బడిలో చేర్పించింది. క్రిస్మస్ వేడుకలో త్రివర్ణ చిత్రం ఉన్న కేకు కోసిన వారిపై పెట్టిన కేసును మద్రాసు హైకోర్టు 2021లో కొట్టివేసింది. ఆగస్టు పదిహేనున మా వీధి హోటలు వారు వడ్డించే మూడు రంగుల ఇడ్లీ మీద నాకు వేరే అభ్యంతరాలు ఉన్నాయి గాని, అవి రుచికి సంబంధించినవి.

అయితే తెలియదు అన్న మాట అధికారంలో ఉన్నవారు చెప్పడానికి వీల్లేదు. కార్లపై జాతీయ జెండా ఎగురవేసే అర్హత రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, మంత్రులు, న్యాయమూర్తులు వంటి నిర్దిష్ట పదవుల వారికే ఉన్నదని నియమావళి చెబుతున్నా, ఊళ్లో ప్రతి చిన్న నాయకుడి బండి ముందు జెండా కడ్డీ ఉంటున్నది. ఇక భారీ జెండాల పోటీ మరొకటి. హైదరాబాదు సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభంపై బ్రహ్మాండమైన జెండా ఎగురవేసినప్పుడు చూసి మురిసినవారిలో నేనూ ఒకడిని. హుస్సేన్‌సాగరు గాలికి అంత పెద్ద గుడ్డ తరచూ చిరగడం, మార్చవలసి రావడం కూడా తరువాత అందరూ చూసినదే. అక్కడ మార్చడానికి యంత్రాంగం ఉంది, డబ్బు ఉంది. దానిని చూసి చిన్న పట్టణాల్లో వంద అడుగుల స్తంభాలు నాటినవారు మొదటి జెండాకు చందాలు పోగుచేశారు గాని, మూడో జెండాకు, నాలుగో జెండాకు డబ్బు ఎక్కడిదన్నది ఆలోచించలేదు. స్తంభం కట్టేటప్పుడే ఏడాదికి ఎన్ని జెండాలు కావాలి, ఎవరు దించి ఎవరు మార్చాలి అన్నది రాసి పెట్టుకోకపోతే అనుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

మన దగ్గర చక్కగా సాగుతున్న దేశభక్తి సంప్రదాయాలను గమనిస్తే, ప్రతి దాని వెనుకా ఎవరో ఒకరు పూచీ పడి ఉంటారు. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాసిన ప్రతిజ్ఞ ఇన్ని దశాబ్దాలు నిలిచింది అంటే, ప్రతి బడిలో ప్రార్థన వేళ ఒక పిల్ల ముందుకు వచ్చి చదివే ఏర్పాటు ఉండబట్టే. 2017 ఆగస్టు 15న జమ్మికుంటలో పోలీసులు మొదలుపెట్టిన పద్ధతీ అటువంటిదే: ఉదయం 7.54కు కూడళ్లలో మైకులో జాతీయగీతం వినబడుతుంది, బస్సులో ఉన్నవారు, బండి మీద ఉన్నవారు, కూరగాయలు బేరమాడుతున్నవారు యాభై రెండు సెకన్లు నిలబడతారు. వేళ ఉంది, మైకు ఆన్ చేసే మనిషి ఉన్నాడు, కనుక అది నడిచింది. జెండా దించడానికి మాత్రం వేళా లేదు, మనిషీ లేడు.

కనుక మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల అధికారులకు విన్నవించుకుంటున్నది ఇది. ఆగస్టు పదహారు నుంచి నెలాఖరు వరకు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ, తెలంగాణలో పంచాయతీ, మున్సిపల్ కార్యాలయాల్లోనూ పాత జెండాలు తీసుకునే ఏర్పాటు చేయాలి. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. ఒక శుభ్రమైన పెట్టె, పక్కన ఒక కాగితం చాలు. చెత్త బండివారికి జెండా ఇస్తే చెత్తలో కలపకుండా విడిగా ఒక సంచిలో ఉంచమని పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పాలి. నా ఎరుకలో వారు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. రోడ్డు మీద పడిన కాగితపు జెండాను చీపురుతో ఊడ్చకుండా వంగి ఏరి తట్ట అంచున గుచ్చుకుని పోయే కార్మికురాలిని నేను చూశాను. ఆమెకు నియమావళి ఎవరూ చదివి వినిపించి ఉండరు. అలా పోగైన జెండాల్లో నూలువాటిని ఎన్.సి.సి., స్కౌట్ల పిల్లల సమక్షంలో, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, నలుగురి కంటా పడని చోట దహనం చేయాలి. పాలియెస్టరు వాటిని ఏం చేయాలో కేంద్ర హోంశాఖ ఒక స్పష్టమైన ఆదేశం ఇవ్వవలసి ఉంది. ఈ గుడ్డను అనుమతించినది వారే కనుక దాని దహన సంస్కారం ఎలాగో చెప్పవలసినదీ వారే.

తపాలా కార్యాలయంలో గాని, దుకాణంలో గాని జెండాతో పాటు ఒక చిన్న తెలుగు కరపత్రం ఇవ్వాలి. ఎలా కట్టాలి అన్నదానికి రెండు వాక్యాలు, ఎప్పుడు దించాలి, ఎలా మడవాలి, పాతబడితే ఎక్కడ ఇవ్వాలి అన్నదానికి మిగిలిన కాగితమంతా కేటాయించాలి. అపార్టుమెంటు సంఘాలు, వ్యాపార సంఘాలు జెండా కట్టే రోజునే దించే మనిషి పేరు నోటీసు బోర్డులో రాయాలి. బడులకు, ప్రభుత్వ కార్యాలయాలకు కొనే జెండాలైనా ఖాదీవే కొనాలని రెండు ప్రభుత్వాలు ఉత్తర్వు ఇస్తే అటు నేతపనివారికి, ఇటు జెండాకు కూడా మేలు జరుగుతుంది. ఇంటింటికీ ఖాదీ జెండా పంచడం కష్టమని ఒప్పుకుంటాను. బడికి ఒక్కటి కొనడం కష్టం కాదు.

చివరగా ఒక మాట మీ వంటి పత్రికలవారికి కూడా చెప్పుకోవాలి, తప్పుగా భావించరని ఆశిస్తాను. ప్రతి ఆగస్టు పదిహేనున పత్రికల్లో పేజీ నిండా జెండా బొమ్మ, దాని మీద ప్రకటనకర్తల ఫోటోలు అచ్చవుతాయి. జెండాపై ఎటువంటి అక్షరాలూ ఉండరాదన్న నియమం సంగతి అటుంచి, ఆ కాగితం మరునాటికి ఏమవుతుందో మీకూ తెలుసు. పదిహేడో తేదీ సాయంత్రం మా వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చిన పొట్లంపై అశోక చక్రం నూనెలో నానుతూ ఉంది. బండి ఆయనను ఏమనగలం, ఆయన కిలోల లెక్కన పాత పేపరు కొనుక్కున్నాడు. వచ్చే ఏడాది నుంచి ఆ పూర్తి పేజీ బొమ్మ మానివేసి, పదహారో తేదీ సంచికలో మొదటి పేజీ అడుగున నాలుగు అంగుళాల చోటు ఇచ్చి, ఆ ఊళ్లో పాత జెండాలు ఎక్కడ తీసుకుంటున్నారో అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
మచిలీపట్నం.